మూడు మాత్రలకూ లొంగని బీపీ: రాత్రి గురక సంగతి ముందు తేల్చుకోండి

అమ్మా, మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ విషయం తెలుస్తుంది. మీది కావలి. మీ వారికి 47 ఏళ్లు, సొంత లారీ, కృష్ణపట్నం పోర్టు నుంచి సరుకు తోలుతారు. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ 160/104 దగ్గరే ఉంటోంది. రాత్రి పెద్దగా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగిపోయినట్టయి ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెడతారు. నెల్లూరులో చూసిన డాక్టరు నిద్ర పరీక్ష చేయించమన్నారు. మీ వారేమో "బీపీకి చూపించుకుందామని వెళితే గురకకు పరీక్ష ఏమిటి" అని ససేమిరా అంటున్నారు. గురకకూ బీపీకీ నిజంగా సంబంధం ఉందా, రాత్రి గాలి వదిలే మిషను పెట్టుకుంటే మాత్రలు మానేయవచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. ఇలా నిద్రలో గొంతు మూసుకుని ఊపిరి ఆగే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఆ డాక్టరు సరైన దారిలోనే వెళుతున్నారు. మాత్రల సంగతి తర్వాత చెబుతాను, అది అంత సులువుగా తేలే మాట కాదు.

నేను నెల్లూరులో జనరల్ ఫిజీషియన్‌ని. ఉదయగిరి, ఆత్మకూరు మొదలుకొని కందుకూరు, ఒంగోలు, చీమకుర్తి దాకా ఊళ్ల నుంచి బీపీ రోగులు వస్తుంటారు. బీపీ ఎంతకీ తగ్గడం లేదని వచ్చినవారిని "నిద్ర బాగా పడుతుందా" అని అడిగితే "పడుకోగానే పట్టేస్తుందండీ, ఆ బాధ లేదు" అంటారు. అదే మాట పక్కన నిలబడ్డ ఇల్లాలిని అడిగితే అసలు విషయం బయటికి వస్తుంది. ఊపిరి ఆగడం నిద్రపోయే మనిషికి తెలియదు. అందువల్ల మీరు చూసి రాసిన ఆ రెండు వాక్యాలకు నా దృష్టిలో ఈసీజీకి ఉన్నంత విలువ ఉంది. వీలైతే ఒక రాత్రి ఆయన నిద్రపోతుండగా రెండు మూడు నిమిషాలు ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. మీ వారికి కూడా చూపించండి. పరీక్ష వద్దని భీష్మించుకున్న మగవాళ్లు చాలామంది ఆ వీడియో చూశాకే ఒప్పుకున్నారు.

ఇక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నిద్రలోకి జారుకోగానే ఒంట్లో కండరాలు సడలుతాయి, గొంతు కండరాలు కూడా. మెడ లావుగా ఉన్నా, నాలుక మొదలు మందంగా ఉన్నా, కింది దవడ చిన్నదైనా, టాన్సిల్స్ పెరిగినా ఆ దారి ముందే ఇరుకు. కొబ్బరి బోండాంలో వేసిన కాగితపు గొట్టం నానిపోయాక గట్టిగా పీలిస్తే చదునై మూసుకుపోతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. కొంత మూసుకుంటే గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే చప్పుడే ఉండదు. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. ఇలా పది సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కవేస్తారు. తీవ్రంగా ఉన్నవారిలో అర నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఆగుతుంది.

ఆ అర నిమిషంలో రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెడలో కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట ఉండే చిన్న కణజాలం దీన్ని పసిగట్టి మెదడుకు కబురు పంపుతుంది. మెదడు సింపథెటిక్ నాడులను ఉసిగొల్పుతుంది. పులి ఎదురైతే, ప్రమాదం ముంచుకొస్తే ఒంట్లో ఏ నాడులు పనిచేస్తాయో అవే ఇవి. రక్తనాళాలు బిగుసుకుంటాయి. మనిషి పూర్తిగా మేలుకోకపోయినా మెదడు ఒక్క క్షణం మేలుకుంటుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో గాలి లోపలికి పోతుంది. అప్పటిదాకా నెమ్మదించిన గుండె ఒక్కసారిగా వేగం అందుకుని, బిగుసుకున్న నాళాల్లోకి రక్తాన్ని తోస్తుంది. బీపీ గుప్పున లేచేది ఆ ఘడియలోనే. పగలు 150 ఉండే మనిషికి ఆ కొన్ని సెకన్లలో 200 దాటవచ్చు. మళ్లీ నిద్ర, మళ్లీ గొంతు మూసుకోవడం. గంటకు ముప్పై సార్లు ఇలా జరిగే మనిషికి తెల్లవారేసరికి రెండు వందల సార్లు బీపీ లేచి పడుతుంది.

ఈ రాత్రి గొడవ రాత్రితో పోతే ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు. రోజూ ఇలా రెచ్చిపోయిన నాడులు పగలు కూడా నెమ్మదించవు. మెలకువగా, ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కొలిచినా ఈ రోగుల్లో సింపథెటిక్ నాడుల జోరు ఎక్కువగానే కనిపిస్తుంది. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, బిగించే ఎండోథెలిన్ పెరుగుతుంది. కిడ్నీల నుంచి రెనిన్, అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్లు ఎక్కువై ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. పగలంతా కాళ్లలో చేరిన ఆ నీరు, పడుకోగానే పైకి జరిగి కొంత మెడ చుట్టూ చేరుతుంది. దానితో గొంతు మరింత ఇరుకవుతుంది. ఊపిరి ఆగడం వల్ల బీపీ, బీపీ వెనకున్న ఉప్పునీటి భారం వల్ల మళ్లీ ఊపిరి ఆగడం, ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. మందులకు లొంగనిది ఈ ముడి వల్లే.

మీరు రాయలేదు గానీ, మీ వారు రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేస్తున్నారేమో గమనించండి. షుగరనో, ప్రోస్టేటనో అనుకుని ఆ పరీక్షలకే తిరిగేవారిని చూస్తుంటాను. మూసుకున్న గొంతుతో ఊపిరి లాగినప్పుడు ఛాతీలో ఒత్తిడి తారుమారై గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి, మూత్రం పెంచే హార్మోన్ వదులుతుంది. లేచేది అందుకు. పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు, ఇంట్లో అందరిమీదా చిరాకు కూడా ఈ జబ్బువే కావచ్చు.

మామూలు మనిషికి నిద్రలో బీపీ పగటికంటే పది నుంచి ఇరవై శాతం తగ్గాలి. గుండెకూ రక్తనాళాలకూ అదే విశ్రాంతి. ఆప్నియా ఉన్నవారిలో చాలామందికి ఈ తగ్గుదల ఉండదు, కొందరికి రాత్రే ఎక్కువ ఉంటుంది. పగలు పదకొండు గంటలకు ఆసుపత్రిలో కొలిచే బీపీకి ఇది అందదు. 24 గంటలు చేతికి కట్టి ఉంచే బీపీ యంత్రం దొరికితే ఒకసారి పెట్టించండి. రాత్రి సగటు 120/70 దాటితే ఎక్కువే అని లెక్క. పక్షవాతం, గుండెపోటు ముప్పును అంచనా వేయడానికి పగటి అంకెలకంటే ఈ రాత్రి అంకెలే ఎక్కువ అక్కరకొస్తాయి.

"లావు ఉన్నవాళ్లకు గురకా వస్తుంది, బీపీ కూడా వస్తుంది, ఒకదానికొకటి కారణమని ఎలా అంటారు" అని మీ వారు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. టొరంటోలో కొందరు పరిశోధకులు నాలుగు కుక్కలకు, అవి నిద్రపోయినప్పుడల్లా గాలి దారి మూసుకునే ఏర్పాటు చేసి కొన్ని వారాలు గమనించారు. 1997లో ఆ ఫలితాలు వచ్చాయి. రాత్రే కాకుండా పగలు కూడా వాటి బీపీ పెరిగింది, ఆ ఏర్పాటు తీసేశాక మామూలుకు వచ్చింది. గాలి ఆపకుండా చప్పుడుతో నిద్ర మాత్రమే చెడగొట్టినప్పుడు పగటి బీపీ పెరగలేదు. మనుషుల్లో అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం పేరున్నది. గంటకు పదిహేను, అంతకుమించి ఊపిరి ఆటంకాలు ఉన్నవారికి, అసలు లేనివారితో పోలిస్తే నాలుగేళ్లలో బీపీ వచ్చే అవకాశం దాదాపు మూడింతలని 2000లో తేల్చింది. బరువు, వయసు, మెడ చుట్టుకొలత లెక్కలోంచి తీసేశాక మిగిలిన తేడా అది. మందులకు లొంగని బీపీ ఉన్న 41 మందికి నిద్ర పరీక్ష చేస్తే 83 శాతం మందిలో ఆప్నియా కనిపించిందని 2001లో మరో అధ్యయనం చెప్పింది. బీపీకి గుర్తించదగిన కారణాల్లో స్లీప్ ఆప్నియాను 2003 నాటి అమెరికా జాతీయ మార్గదర్శకాల్లోనే చేర్చారు. పరీక్ష మీ డాక్టరు కొత్తగా కనిపెట్టింది కాదని మీ వారికి చెప్పండి.

అయితే నేరమంతా గురకమీదే నెట్టేయను. బీపీ మొండికేసిందని అనేముందు కొన్ని చూసుకోవాలి. పట్టీ చేతికి సరిపోయేది వాడుతున్నారా? లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇంట్లో కొలిచేటప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, పొద్దున మాత్రలకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఒక వారం కొలిచి కాగితం మీద రాయండి. మాత్రలు నిజంగా రోజూ వేసుకుంటున్నారా? లారీ తోలేవారు మూత్రం మాటిమాటికీ వస్తుందని నీరు తీసే మాత్ర దాటవేస్తుంటారు. ఆ మూడు మాత్రల్లో నీరు తీసేది అసలు ఉందో లేదో చీటీ చూపించి డాక్టరును అడగండి. అది లేకుండా మూడు వాడినా మొండి బీపీ కింద లెక్క రాదు. నడుము నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని తగ్గిస్తాయి. రక్తంలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం చూడాలి. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చేవారికి, అక్కడి ఫ్లోరైడ్ నీళ్లూ కిడ్నీ జబ్బులూ తెలుసు కాబట్టి, కిడ్నీ పరీక్ష చూడనిదే నేను మందు మార్చను. పొటాషియం తక్కువగా ఉంటే ఆల్డోస్టెరోన్ పరీక్ష కూడా అవసరం, ఎందుకంటే ఆల్డోస్టెరోన్ ఎక్కువయ్యే జబ్బు, ఆప్నియా తరచు జంటగా ఉంటాయి.

ఉప్పు గురించి మన ప్రాంతంలో విడిగా చెప్పుకోవాలి. రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అన్ని వంటల్లోదీ కలిపి. ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఒక్క పూటలోనే ఆ లెక్క దాటించేస్తాయి. చేపల పులుసు మానమని నేను ఎవరికీ చెప్పను, నెల్లూరులో ఉండి ఆ మాట అనడం అన్యాయం. తాజా చేపతో, ఉప్పు తగ్గించి వండుకోండి. ఎండు చేపలు మాత్రం బీపీ అదుపులోకి వచ్చేదాకా పక్కన పెట్టండి.

నిద్ర పరీక్ష అంటే భయపడవలసింది ఏమీ లేదు. సూదులుండవు. ఇంట్లోనే చేసేదైతే ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టుకుని పడుకోవడమే. మీ వారిలా లక్షణాలు స్పష్టంగా ఉన్నవారికి అది చాలు. గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఆసుపత్రిలో రాత్రంతా ఉంచి, తలకు కూడా తీగలు పెట్టి చేసే పెద్ద పరీక్ష మంచిది. రిపోర్టులో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న అంకె ఉంటుంది. ఐదు నుంచి పదిహేను లోపు స్వల్పం, ముప్పై లోపు మధ్యస్థం, ముప్పై, ఆపైన తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత దాకా పడిందో, 90 శాతం కంటే తక్కువగా ఎంతసేపు ఉందో రాస్తారు. నేను ఆ రెండో అంకెను తప్పకుండా చూస్తాను. ఒంగోలు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి రిపోర్టు గుర్తుంది. మొదటి అంకె 52, ఆక్సిజన్ 71 దాకా పడింది. గ్రాఫులో రెప్పపాటు కూడా సమంగా ఉన్న చోటు లేదు, రాత్రంతా రంపపు పళ్లలా గీతలే. ఆ కాగితం ఆయన చేతికిచ్చి చూపించాక నేను వేరే మాట చెప్పనక్కరలేకపోయింది.

తీవ్రంగా ఉంటే చికిత్స సీప్యాప్ మిషను. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు తన బృందంతో దీన్ని మొదటిసారి వాడి చూపించారు. ముక్కుకు పెట్టిన మాస్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి వదులుతుంది, ఆ గాలే గొంతును తెరిచి ఉంచుతుంది. ఆక్సిజన్ సిలిండరు కాదు, దీన్ని పెట్టుకున్నంత మాత్రాన మనిషి రోగిష్ఠి అయిపోయినట్టూ కాదు. మీ వారి భయం అదే అయి ఉండవచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మిషనుతో బీపీ సగటున తగ్గేది రెండు మూడు పాయింట్లే. స్పెయిన్‌లో మొండి బీపీ ఉన్న 194 మందిమీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పన్నెండు వారాల మిషనుతో 24 గంటల సగటు బీపీ 3.1 తగ్గింది. రాత్రి తగ్గవలసిన బీపీ మళ్లీ తగ్గడం మొదలైనవారు కూడా మిషను వాడినవారిలో ఎక్కువ. ఎక్కువ గంటలు పెట్టుకున్నవారికి ఎక్కువ తగ్గింది. అసలు కీలకం అక్కడే ఉంది. గుండెజబ్బో పక్షవాతమో ముందే వచ్చిన 2,717 మందిమీద చేసిన మరో పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. మిషను ఇచ్చినవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు తేలలేదు. వాళ్లు రాత్రికి సగటున పెట్టుకున్నది 3.3 గంటలే. ఏడు గంటల నిద్రలో సగం రాత్రి గొంతు మూసుకుంటూనే ఉంటే ఫలితం ఎక్కడి నుంచి వస్తుంది? కనీసం నాలుగు గంటలు, నిజానికి పడుకున్నంతసేపూ పెట్టుకోవాలన్నది నా గట్టి మాట. బీపీ బాగా ఎక్కువ ఉండి, పగలు నిద్రమత్తు ఉండి, మిషను క్రమంగా వాడేవారిలో సగటుకు మించి తగ్గడం చూస్తుంటాను. పగటి మత్తు అసలు లేనివారిలో తగ్గేది తక్కువ.

కాబట్టి మిషను తెచ్చుకున్న రోజున మాత్రలు ఆపేయడం ప్రమాదం. రెండూ కలిపి వాడుతూ, నెల రెండు నెలల్లో ఇంట్లో కొలిచిన అంకెలు దిగితే డాక్టరే ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. కొందరికి ఒక మాత్ర తగ్గుతుంది, కొందరికి ఏదీ తగ్గదు గానీ అదే మూడింటితో అదుపులోకి వస్తుంది. నాలుగో మాత్ర అవసరమైతే స్పైరనోలాక్టోన్ మంచి ఎంపిక. ఆల్డోస్టెరోన్‌ను అడ్డుకుని నీటిని తీస్తుంది కాబట్టి మొండి బీపీకి బాగా పనిచేస్తుంది, కొంతవరకు ఆప్నియాను కూడా తగ్గిస్తుంది. పొటాషియం పరీక్ష చేయిస్తూ డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

మిషను ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది. కొనేముందు అద్దెకో, కొద్దిరోజుల వాడకానికో ఇస్తారేమో అడగండి. డబ్బు కంటే మాస్కు అమరకపోవడంవల్లే ఎక్కువమంది మూలన పడేస్తారు. గుబురు మీసాలుంటే అంచుల్లోంచి గాలి పోతుంది, ముక్కు రంధ్రాల దగ్గర పెట్టే చిన్న మాస్కు వారికి నప్పుతుంది. నోరు తెరిచి నిద్రపోయేవారికి మొహం నిండా ఉండేది కావాలి. ముక్కు ఎండిపోతుంటే తేమనిచ్చే గిన్నె ఉన్న మిషను తీసుకుని డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు వద్దు. మాస్కును రోజూ సబ్బునీటితో కడగాలి. ఎండాకాలం కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోండి, ఇన్వర్టరు మీద నడుస్తుంది. మొదటి వారం పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే రాత్రి తేలిక.

బరువు పది శాతం తగ్గితే ఊపిరి ఆగే సంఖ్య నాలుగో వంతుకు పైగా తగ్గుతుందని అదే విస్కాన్సిన్ అధ్యయనం చెప్పింది. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే చాలామందికి కొంత మేలు. రాత్రి మద్యం తాగితే గొంతు కండరాలు మరింత సడలుతాయి, ఆ రాత్రి ఆప్నియా పెరుగుతుంది. నిద్రమాత్రలూ సొంతంగా వేసుకోకూడదు.

అన్నిటికంటే తొందరపడవలసింది ఆయన స్టీరింగు విషయంలో. నడుపుతుండగా కునుకు పట్టిందా అని సూటిగా అడగండి. ఒక్కసారి పట్టిందన్నా, పరీక్ష అయి చికిత్స మొదలయ్యేదాకా రాత్రి ప్రయాణాలు వద్దు, రెండో డ్రైవరును పెట్టుకోమనండి. నాలుగు రోజుల బాడుగ పోయినా సరే. మనిషి కునికితే సరుకు లారీ హైవేమీద ఆగేలోపు ఎంత దూరం పోతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

మాత్రల చీటీ, వారం బీపీ అంకెలు, క్రియాటినిన్, పొటాషియం రిపోర్టులు, ఆ వీడియో తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి, డాక్టరును మార్చనక్కరలేదు. బీపీ 180/120 దాటి దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడడం, చూపు మసకబారడం వంటివి ఉంటే ఈ పరీక్షలేవీ చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నిద్ర పరీక్ష అయ్యాక గంటకు ఎన్నిసార్లు, ఆక్సిజన్ ఎంత దాకా పడింది, మెడ చుట్టుకొలత ఎన్ని సెంటీమీటర్లు అన్నవి రాస్తే, తర్వాత ఏం అడగాలో చెబుతాను.